గేటు మూయనివాళ్లు

"వాళ్లు పోవాలి వదినా. ఇవాళే."

ఓరిన్ వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. బూట్ల నిండా పేడ, బురద. మామూలుగా అయితే వరండాలో విడిచి మేజోళ్లతో లోపలికొచ్చే మనిషి. ఇవాళ విడవలేదు.

మార్లిస్ ఆ బూట్ల వంక చూసింది. సగం చెక్కు తీసిన బంగాళాదుంప చేతిలో అలాగే ఉండిపోయింది.

"నిన్న చెప్పావుగా. మళ్లీ ఎందుకు?"

"నిన్న కోపంలో చెప్పాను. ఇవాళ ఆలోచించి చెబుతున్నాను."

"నాకేం తేడా కనబడలేదు."

"నవ్వులాటగా ఉందా నీకు? రేపు దూడలకి వాతలు. వాగుకి అటూ ఇటూ ఉన్న ప్రతి ఇంటి నుంచీ సాయానికి వస్తారు. పక్క పొలం లీలాండ్ వస్తాడు, వాడి కొడుకులొస్తారు. పెద్ద ఆబోతుని పెయ్యల్లోకి వదిలిన ఆ బొమ్మలు గీసే ఆవిడ మన బల్ల దగ్గరే కూచుని భోంచేస్తుంటే నేనేం మొహం పెట్టుకుని తిరగాలి?"

"ఉన్న మొహమే పెట్టుకో. ఇంకోటి ఎక్కడ తెస్తావు?"

ఓరిన్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మాట దొరకనప్పుడల్లా అతనికి అదే పని.

అతని కోపంలో న్యాయం లేకపోలేదు. నిన్న పొద్దున్న చూసేసరికి ఉత్తరపు కంచె గేటు బార్లా తెరిచి ఉంది. ఆబోతు పెయ్యల మధ్య పెళ్లికొడుకులా తిరుగుతోంది. ఇంకా ఈడు నిండని పెయ్యలు అవి. ఆ ఆబోతు దూడ కడుపున పడిందంటే ఈనేటప్పుడు గొలుసులు కట్టి లాగాల్సిందే. తల్లీ దక్కదు, పిల్లా దక్కదు.

"పశువుల డాక్టరు వస్తున్నాడుగా. కడుపు నిలవకుండా సూదులు వేస్తాడు," అంది మార్లిస్.

"వేస్తాడు. అన్నిటికీ పట్టి తీరుతుందని హామీ ఇస్తాడా? గేటు తీసింది నేనే, వేయడం మరిచిపోయానని ఆ ఇనెస్ తన నోటితోనే చెప్పింది. ఇంకా ఏం కావాలి నీకు?"

"ఒప్పుకున్నవాళ్లని తరిమేస్తే, ఒప్పుకోనివాళ్లని ఏం చేస్తావు ఓరిన్?"

"మాటలతో ఆడకు. అసలు వాళ్లని పిలిచిందెవరు? పదిహేను రోజులు పశువుల మధ్య ఉండి బొమ్మలు గీసుకుంటామని ఎవరో పట్నంవాళ్లు అడగ్గానే, రండి బాబూ రండి అన్నావు. నన్నో మాట అడిగావా? అన్నయ్యే ఉంటే..."

"ఆగు."

ఓరిన్ ఆగాడు.

"ఆ మాట ఈ వంటింట్లో ఇంకోసారి అనకు. రోల్డ్ ఉంటే ఏం చేసేవాడో నీకన్నా నాకు బాగా తెలుసు. ముందు బూట్లు విప్పేవాడు."

ఓరిన్ మెడ ఎర్రబడింది. పక్కగదిలోకి చూశాడు. అక్కడ అతని తల్లి థోరా ముసలమ్మ కిటికీ పక్క కుర్చీలో కూచుని ఉంది. కొడుకూ కోడలూ ఇంతెత్తున అరుచుకుంటుంటే, ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అమ్మా, నువ్వైనా చెప్పు."

"నాకు వినబడలేదు," అంది థోరా.

సావిట్లో పిల్లి ఎలుకని పట్టినా వినబడే చెవులు అవి. ఓరిన్‌కి ఆ సంగతి తెలుసు. అయినా వెనక్కి తిరిగాడు. మెట్ల మీద బూట్లు దబదబలాడాయి.

మార్లిస్ నేల మీది బురద అచ్చుల్ని చూస్తూ నిలబడింది. రోల్డ్ పోయి ఇది మూడో వేసవి. ఈ మూడేళ్లలో ఈ ఇంట్లో బల్ల దగ్గర మాట వినబడిన రోజులు తక్కువ. ఇద్దరు ఆడవాళ్లు, రెండు కంచాలు, వాతావరణం గురించి రేడియో చెప్పే కబుర్లు. అందుకే ఆ చిత్రకారులు అడిగినప్పుడు సరేనంది. వాళ్లు వచ్చిన రోజు నుంచీ పనివాళ్ల పాత ఇంట్లోంచి నవ్వులు వినబడుతున్నాయి. అందులో ఒక కుర్రాడు దూడ పేరు అడిగాడు. దూడలకి పేర్లుండవంటే నిజంగా బాధపడ్డాడు.

ముసలమ్మకి వినబడలేదట. నలభై మైళ్ల అవతల ఎవరింట్లో ఏం జరిగినా ఒక తీర్పు చెప్పే మనిషి. తన పొలంలో ఇంత జరిగితే నిన్నటి నుంచీ ఒక్క మాట లేదు.

మార్లిస్ కత్తి కింద పెట్టింది.

పాత ఇంట్లో మిగతా చిత్రకారులు ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. ఇనెస్ ఒక్కతే ఉంది. న్యూ మెక్సికో నుంచి వచ్చిన మనిషి, అరవై దగ్గర ఉంటుంది వయసు, నెరిసిన జడ నడుం దాకా. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. బట్టలు సగం సర్దేసింది.

"ఎవరు పొమ్మన్నారు నిన్ను?" అంది మార్లిస్ గుమ్మంలోంచే.

"ఎవరూ అనక్కర్లేదు మార్లిస్ గారూ. చెవులున్నాయిగా. మీ మరిది గొంతు చిన్నది కాదు."

"అతనిది గొంతే. ఇల్లు నాది."

"మీ ఇల్లు కాబట్టే వెళ్తానంటున్నాను. నా మూలంగా మీలో మీకు గొడవలెందుకు?"

మార్లిస్ కళ్లు గోడకి ఆనించిన బొమ్మ మీద పడ్డాయి. ఉత్తరపు దిబ్బ. దిబ్బ మీద మట్టిపెళ్లలతో కట్టిన చిన్న ఇల్లు. తూర్పు ముఖం తలుపు, కప్పు మీద మొలిచిన గడ్డి, పక్కకి ఒరిగిన పొగగొట్టం. తలుపు పక్కనే లైలాక్ పూల పొద.

"ఈ ఇల్లు నీకెక్కడ కనబడింది?"

"దిబ్బ మీద."

"నేను ఈ ఇంటి కోడలిగా వచ్చేసరికే అక్కడ గుంట తప్ప ఏమీ లేదు. లైలాక్ పొద ఒక్కటే ఉంది. తలుపు తూర్పుకి ఉండేదని, పొగగొట్టం ఒరిగి ఉండేదని నీకెవరు చెప్పారు?"

ఇనెస్ ఒక చొక్కా మడతపెట్టింది. విప్పింది. మళ్లీ మడతపెట్టింది.

"దిబ్బ మీదికి ఎలా వెళ్లేదానివి?"

"నడిచి. రోజూ నడిచే."

"నడిచి పోయేవాళ్లు తీగల కింద దూరి పోతారు. ఆ గేటు జోలికి పోరు. ముళ్లతీగలకి కర్రలు కట్టిన గేటు అది. మూయాలంటే చివరి కర్రని కావలించుకుని, భుజం ఆనించి లాగి, తీగ చుట్టలో ఇరికించాలి. మగాళ్లే బూతులు తిట్టుకుంటూ మూస్తారు. నడిచి పోయేదానివి నువ్వెందుకు తీశావు?"

ఇనెస్ చొక్కాని పెట్టెలో పెట్టింది.

"బండి మీద పోయేవాళ్లకే ఆ గేటు కావాలి," అంది మార్లిస్ నెమ్మదిగా. "ఇనెస్, నీకు బండి లేదు."

"మార్లిస్ గారూ, నేనొకరికి మాటిచ్చాను."

"ఎవరికి?"

"మాటిచ్చానని చెప్పడమే ఎక్కువ చెప్పినట్టు. ఇంక అడక్కండి. మీకు పుణ్యముంటుంది."

మార్లిస్ ముందుకొచ్చి మంచం మీది పెట్టె మూత దభాలున మూసింది.

"నువ్వెక్కడికీ పోవడం లేదు. రేపు భోజనానికి నా పక్కన కూచుంటున్నావు."

థోరా ముసలమ్మ వెనక వరండాలో కూచుని పుల్లటి రూబార్బ్ కాడలు తరుగుతోంది. రేపు భోజనంలోకి కాల్చే తీపి పైల కోసం. ఎండ మండిపోతుంటే చేతులకి తోటపని గ్లౌజులు వేసుకుని ఉంది.

మార్లిస్ ఎదురుగా మెట్టు మీద కూచుంది. కత్తి టకటకమంటోంది.

"గ్లౌజులు వేసుకుని కూరలు తరగడం ఎప్పటి నుంచి అత్తయ్యా?"

"చేతులు చల్లగా ఉంటున్నాయి."

"ఈ ఎండలోనా?"

"నీకు నా వయసు వస్తే తెలుస్తుంది."

మార్లిస్ చెయ్యి చాచి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ముసలమ్మ లాక్కోబోయింది. లాక్కోలేకపోయింది. గ్లౌజు ఊడి వచ్చింది. అరచేతిలో, వేళ్ల మీద, మోచేతి దాకా ముళ్లతీగ చీరిన గీతలు. ఒకటి రెండు చోట్ల ఇంకా పచ్చిగా ఉన్నాయి.

థోరా ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది. ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసింది.

"మరిచిపోయాననుకుంటున్నావు కదూ?" అంది చివరికి. "మరిచిపోలేదు. ముందు ఆ సంగతి తెలుసుకో. వెళ్లేటప్పుడు తీశాను. నేను పుట్టిన ఇంటిని ఆ పిల్ల ఎలా దించుతోందో చూడాలనిపించింది. చూశాను. పొగగొట్టం నిటారుగా పెట్టింది, కాదు ఒరిగి ఉండేదని చెప్పాను. తలుపు ఏ వైపో చెప్పాను. గంటసేపు కూచుని దిగి వచ్చాను. గేటు దగ్గర ఆగి కర్ర పట్టుకుని లాగాను. లాగాను, లాగాను. చివరికి గడ్డిలో కూలబడ్డాను."

మార్లిస్ ఊడిన గ్లౌజుని మెట్టు మీద పెట్టింది.

"ఓరిన్ కడుపులో ఉన్నప్పుడు కూడా మూశానే ఆ గేటు! ఇంత పొట్ట వేసుకుని! తీగకీ నాకూ మధ్య వాడు నలిగేవాడు."

"ఇంటికి రాగానే నాతో చెప్పొచ్చుగా. నేను పోయి మూసేదాన్ని."

"చెబితే? ముందు అడిగేదేమిటి? ట్రక్కు ఎవరు తోలారు అని! డాక్టరు నన్ను బండి తోలద్దన్నాక నా ట్రక్కు ఓరిన్ అమ్మేశాడు. నేను తోలింది రోల్డ్ పాత డొక్కు. దానికి తాళం ఎందుకు, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే చాలు."

అంత బాధలోనూ మార్లిస్‌కి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"నవ్వు. వాడికి తెలిస్తే నవ్వవు. పోయిన చలికాలం నుంచీ ఒకటే పాట కదా వాడు. పట్నంలో ఆ ముసలాళ్ల హోమ్ బాగుంటుందమ్మా, వెచ్చగా ఉంటుందమ్మా అని. అక్కడ చేరిన హిల్డాని చూశాంగా. కిటికీలోంచి కార్లు తప్ప కనబడని గదిలో బింగో ఆడుతూ ఆడుతూ పోయింది. పోయిందని కూడా ఆట అయ్యేదాకా ఎవరూ చూసుకోలేదు."

"మరి ఇనెస్?"

"ట్రక్కు సంగతి ఎవరికీ చెప్పకు అన్నాను, అంతే. తప్పు తన నెత్తిన వేసుకోమని నేనడగలేదు. తనంతట తనే వేసుకుంది."

"మీరు చూస్తూ ఊరుకున్నారు."

కత్తి ఆగిపోయింది.

"ఊరుకున్నాను," అంది థోరా. "వాళ్లని పంపెయ్ అమ్మాయ్. వాళ్లకి గీసుకోడానికి దేశం నిండా కొండలున్నాయి. నాకు ఉన్నది ఈ కొంప ఒక్కటే."

మార్లిస్ ఆవిడ ముఖంలోకి చూసింది. ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచీ ఆవిడకి తను భయపడింది. తర్వాత గౌరవించింది. ఎప్పుడో తెలియకుండానే ఇష్టపడింది.

"మీరు ఎవరికీ భయపడరనుకున్నాను అత్తయ్యా."

"నేనూ అలాగే అనుకున్నాను."

వాగు వైపు నుంచి తల్లుల కోసం అరుస్తున్న దూడల గోల వినబడుతోంది. రేపటి కోసం ఓరిన్ మందని దింపుతున్నాడు.

"మీ సంగతి నా నోట్లోంచి రాదు," అంది మార్లిస్ లేస్తూ. "వాళ్లనీ పంపను."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లు ఒడ్డు చేరరు."

"రెండు పడవలూ నావే. మునిగితే నేను మునుగుతాను."

మర్నాడు పొద్దెక్కకముందే ట్రక్కులు వరసకట్టాయి. గుర్రాల్ని దింపారు. దొడ్డి అవతల గ్యాసు మంటలో ముద్ర కడ్డీలు ఎర్రబడ్డాయి. ఓరిన్ గుర్రం మీద మందలోకి వెళ్లి, తాడు విసిరి దూడ వెనక కాళ్లకి ఉచ్చు వేసి మంట దగ్గరికి ఈడ్చుకొస్తుంటే, ఇద్దరేసి మనుషులు దాన్ని పడగొట్టి పట్టుకునేవాళ్లు. వాత పడగానే తెల్లటి పొగ, వెంట్రుకలు కాలిన కంపు, ఒక అరుపు. వదలగానే దూడ లేచి తల్లి దగ్గరికి పరుగు. ఓరిన్ విసిరిన తాడు తప్పడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. ఎంత కోపంలో ఉన్నా ఆ చెయ్యి మెత్తగానే ఆడుతుంది.

సూదుల దగ్గర ఓరిన్ భార్య వెల్డా నిలబడింది. సన్నగా, తెల్లగా, పెదవులు బిగించుకుని ఉండే మనిషి. ఏటా అదే చోటు, అదే పని. ఒక్కో దూడకి సూది వేసి, మళ్లీ మందు ఎక్కించుకుని, మొగుడి వైపు చూసేది. అతను తల ఊపితే ఇంకో దూడ.

చిత్రకారులు కంచె పట్టుకుని నిలబడి గీసుకుంటున్నారు. ఎవరూ వాళ్లని పలకరించలేదు. లీలాండ్ ఒక్కడే దాటిపోతూ ఇనెస్‌ని చూసి, "ఏమ్మా, ఇవాళ ఏ గేటు తీస్తున్నారు? చెబితే మా పెయ్యల్ని ఇంట్లో దాచుకుంటాం," అన్నాడు. కొడుకులు పగలబడి నవ్వారు.

ఇనెస్ తల వంచుకుంది. వంటింటి నుంచి కాఫీ మోసుకొస్తున్న మార్లిస్ ఆ మాట విని, లీలాండ్ కప్పు ఒక్కటి వదిలి మిగతా అందరికీ పోసింది.

"నాకు?" అన్నాడు లీలాండ్.

"గేటు తీసి వెళ్లి పోసుకో. వంటింట్లో ఉంది."

మధ్యాహ్నానికి సగం మందే అయింది. సావిట్లో పలకలు పరిచి బల్లలు వేశారు. మాంసం, బీన్స్, బంగాళాదుంపల సలాడ్, రొట్టెలు, పైలు. ముందుగా ఒక మూకుడులో వేయించిన కోడెదూడల వృషణాలు కూడా పెట్టారు. దూడ పేరు అడిగిన కుర్రాడు అవేమిటో తెలియక నాలుగు తిని, ఇంకా ఉన్నాయా అని అడిగాడు. సంగతి తెలిశాక కూడా ఇంకోటి తీసుకున్నాడు. అప్పుడు మాత్రం లీలాండ్ కొడుకులు వాడి వీపు తట్టి పక్కన చోటిచ్చారు. ఇక అంతా సర్దుకుంటుందేమోనని మార్లిస్ ఒక్క క్షణం అనుకుంది.

ఇనెస్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుడిపక్క కూచోబెట్టింది.

ఓరిన్ కూచోలేదు. కంచం పట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"కూచో ఓరిన్," అంది మార్లిస్.

"నాకిక్కడ బాగానే ఉంది."

"పొద్దుట్నుంచీ గుర్రం మీద ఉన్నావు. కాళ్లు నొప్పెట్టవా?"

"కొంతమంది పక్కన కూచుంటే ఇంకా ఎక్కువ నొప్పి."

బల్ల మీద చెంచాల చప్పుడు తగ్గింది. లీలాండ్ గొంతు సవరించుకుని, "పోనీలేరా, తినరా," అన్నాడు. కాని ఓరిన్ మొన్నటి నుంచీ మింగుతున్నదంతా గొంతు దాకా వచ్చేసింది.

"తినను. ఈ మాట అందరి ముందే చెబుతాను. మా నాన్న ఈ దొడ్డి కట్టినప్పుడు ఒకటే చెప్పేవాడు. గేటు మూయడం చేతకానివాళ్లకి ఈ నేల మీద చోటు లేదని. పరాయివాడైనా సరే, చుట్టమైనా సరే. వదిన ఆ మాట మరిచిపోయింది. నేను మరిచిపోలేదు."

ఇనెస్ లేచింది. "నేను వెళ్తాను," అంది మెల్లగా.

"కూచో," అంది మార్లిస్.

"మార్లిస్ గారూ..."

"కూచోమన్నానా!"

"అది మీ నాన్న అన్న మాట కాదు."

అందరూ తిరిగి చూశారు. బల్ల అటు చివర థోరా ముసలమ్మ రెండు చేతులూ పలక మీద ఆనించి లేస్తోంది. ఇవాళ గ్లౌజులు లేవు.

"ఆ మాట నాది. మీ నాన్నకి అంత మాటకారితనం ఎక్కడిది? నేను వెనక నిలబడి అందిస్తే ఆయన ముందు నిలబడి అనేవాడు. చోటు లేదన్నది నేనే. అయితే ఇవాళ నాకే చోటు లేదన్నమాట."

"నువ్వు కూచో అమ్మా. దీంతో నీకేం పని?"

"గేటు తీసింది నేను."

ఎవరిదో ఫోర్కు కంచం మీద పడింది.

"రోల్డ్ ట్రక్కులో వెళ్లాను. తీశాను. తిరిగొచ్చి మూయబోతే నా చేతులు చాల్లేదు. చూసుకో." ముసలమ్మ ఆ చేతుల్ని బల్ల మీద అందరికీ కనబడేలా చాచింది. "ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, తప్పు ఆ పిల్ల మీద పడుతుంటే నోరు మూసుకున్నాను. గేటు మూయలేకపోయినందుకు కాదు, నోరు మూసుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. లీలాండ్, నువ్వు ఇందాక వేసిన జోకు నా మీద వెయ్యి. గట్టిగా వెయ్యి, నాకు చెవుడు."

లీలాండ్ తన కంచంలోకి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు.

ఓరిన్ ముఖం పాలిపోయింది. ముందు తల్లి చేతుల్ని చూశాడు. తర్వాత వదిన వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నాకు చెప్పలేదు!"

"చెబితే ఏం చేసేవాడివో తెలుసు కనక చెప్పలేదు."

"ఏం చేసేవాణ్ణి? ఆవిడ ఆ దిబ్బ మీద ట్రక్కు బోల్తా కొట్టించుకుని పడుంటే ఎవరు చూసేవాళ్లు? గడ్డిలో కూలబడ్డదట! లేవలేకపోతే? రాత్రంతా అక్కడే ఉంటే?" అతని గొంతు జీరబోయింది. జీరబోయినందుకే ఇంకా పైకి లేచింది. "రేపు పొద్దున్నే పట్నం తీసుకెళ్తాను. హోమ్‌లో గది చూశాను. ఇంక దీని మీద మాటల్లేవు."

"తీసుకెళ్లు నాయనా," అంది థోరా. "వెనక కాళ్లకి తాడు వెయ్యి. పడగొట్టడానికి ఇంతమంది ఉన్నారు. ఎర్రటి కడ్డీ కూడా సిద్ధంగానే ఉంది."

"అమ్మా!"

"ఏం, పొద్దుట్నుంచీ చేస్తున్న పనేగా."

మార్లిస్ లేచింది. బల్ల అంచు పట్టుకుంది, వదిలేసింది. నడిచి వెళ్లి అత్తగారికీ మరిదికీ మధ్య నిలబడింది.

"ఓరిన్, నీ భయం నాకు అర్థమైంది. దాని గురించి మనం కూచుని మాట్లాడుకుందాం, ఎన్నాళ్లయినా సరే. కాని అత్తయ్య తనంతట తాను పోతానంటే తప్ప ఈ ఇంటి మెట్లు దిగదు. ఇనెసూ, ఆమెతో వచ్చినవాళ్లూ ఉంటామన్నన్నాళ్లూ ఉంటారు. ఇందాక ఆమెని అన్నదానికి క్షమాపణ చెప్పి కూచుని భోంచెయ్."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నీ తాడు నువ్వు తీసుకుపో."

బయట దొడ్డిలో మిగిలిన దూడలు అరుస్తున్నాయి. వాటి తల్లులు కంచె అవతల నుంచి జవాబు చెబుతున్నాయి.

"సగం మంద మిగిలింది," అన్నాడు ఓరిన్. "తాడు ఎవరు వేస్తారు? నువ్వా? ఈ బొమ్మలోళ్లా?"

"నేనే వేస్తాను. రెండుసార్లు తప్పుతుంది, మూడోసారి పడుతుంది. పొద్దుపోయినా సరే."

ఓరిన్ కంచం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. విసరలేదు. జాగ్రత్తగా పెట్టాడు. అదే మార్లిస్‌కి ఎక్కువ బాధేసింది. టోపీ సర్దుకుని ఎండలోకి నడిచాడు. గుర్రాన్ని బండిలోకి ఎక్కించాడు. తాడు చుట్ట సీటు మీదికి గిరవాటేశాడు.

లీలాండ్ కొడుకులు తండ్రి వంక చూశారు. లీలాండ్ ఎటూ చూడలేదు. ఓరిన్ వెళ్తే వాళ్లూ వెళ్లాల్సిందే. ముప్ఫయ్యేళ్ల ఇరుగుపొరుగు లెక్క అది. వాళ్లు వెళ్తే మిగిలిన సగం మంద ఇవాళ వాతలు పడకుండానే ఉండిపోతుంది. మార్లిస్ అది తెలిసే అంది. అన్నాక వెనక్కి తీసుకునే మాట కాదు.

"వెల్డా," పిలిచాడు ఓరిన్ బయట నుంచి. "పద."

వెల్డా అప్పటికే లేచి ఉంది. మొగుడు ఎక్కడికి పదమంటే అక్కడికి వెళ్లడం ఆమెకి ఊపిరి తీసుకోవడం లాంటిది. మార్లిస్ తోటికోడలి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

వెల్డా గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఎండలో ఉన్న ట్రక్కుని చూసింది. వెనక్కి తిరిగి, తన కుర్చీ దగ్గరికి కాదు, బల్ల అటు చివరికి నడిచింది. థోరా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూచుంది. ముసలమ్మ చెయ్యి తీసుకుని, సూదుల కోసం జేబులో పెట్టుకున్న దూది బయటికి తీసి, పచ్చిగా ఉన్న గీత మీద అద్దింది.

బయట హారను మోగింది.

వెల్డా తలెత్తలేదు.

"ఆ బీన్స్ ఇటు ఇవ్వు అక్కా," అంది. "ఆకలేస్తోంది."

హారను మళ్లీ మోగింది. ఈసారి ఆగకుండా.